పోశం బావ ఏ రకం మనిషి

మనుషులు మొత్తం పదహారు రకాలట. మీలో చాలామందికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఫోన్లో ఆ పరీక్ష రాసి, వచ్చిన పేరు స్టేటస్ పెట్టుకునే ఉంటారు. నాకు మాత్రం పోయిన ఎండాకాలం దాకా తెలియదు. నాకు తెలిసిన రకాలు మూడే: పని చేసేవాడు, చేయించేవాడు, పక్కన కూర్చుని చెప్పేవాడు. మా ఆవిడ మాధవి నన్ను మూడో రకంలో వేస్తుంది.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ముప్పై ఏళ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపాను. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. చదువు తక్కువే కానీ ఫోన్ మీద చెయ్యి బాగా తిరుగుతుంది. నాలుగు వాట్సాప్ గ్రూపులకు అడ్మిన్‌ని. రేషన్ కార్డు, బీడీల పింఛను, ఆధార్లో తప్పు పడ్డ పేరు, ఏ ఫారమైనా మా వాడవాళ్లు నా దగ్గరికే తెచ్చేవారు. శ్యాంసుందర్ నింపితే వాపస్ రాదని పేరు. ఆ పేరంటే నాకు గొప్పగా ఉండేది, అబద్ధమెందుకు.

ఆ ఎండాకాలం ఆర్డర్లు లేక మా కార్ఖానా ఆగిపోయింది. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో అరుచుకుంటూ మాట్లాడినవాళ్లం, చప్పుడు ఆగాక కూడా అరుచుకుంటూనే మాట్లాడేవాళ్లం. పోశం బావ ఒక్కడే అరిచేవాడు కాదు. అతను మాట్లాడడమే తగ్గించేశాడు. మేం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పని లేని మగవాడు అట్లాగే ఉంటాడనుకున్నాం.

పోశం నాకు సొంత బావ కాదు. అతని భార్య కళావతిది, మాది ఒకటే ఇంటిపేరు. ఆమె నన్ను అన్నా అంటుంది. దాంతో అతను నాకు బావ అయ్యాడు, నేను అతనికి బావనయ్యాను. పక్కపక్క సాంచాల మీద ఇరవై రెండేళ్లు పనిచేశాం.

అప్పుడే తంగళ్ళపల్లి దగ్గర బట్టలు కుట్టే కంపెనీ ఒకటి కొత్తగా పెడుతున్నారని తెలిసింది. లైన్లు చూసుకునే మనుషులు కావాలట. యాభై దాటినా తీసుకుంటారట. కాకపోతే ముందు ఫోన్లో ఒక పరీక్ష రాయాలి. అరవై ప్రశ్నలు. లెక్కలు కావు, పని గురించీ కావు. నువ్వు ఎట్లాంటి మనిషివి అని అడుగుతారు. ప్రతి ప్రశ్నకూ కింద ఐదు సున్నాలుంటాయి, 'పూర్తిగా నిజం' నుంచి 'అస్సలు కాదు' దాకా. ఒకటి నొక్కాలి.

నాది నేను రాసుకున్నాను. 'రక్షకుడు' అని వచ్చింది. 'తనవారి మంచి కోరతాడు. నమ్మినవారికి అండగా నిలబడతాడు.' మాధవికి చదివి వినిపిస్తే, "గ్యాస్ బుక్ చేసినవా రక్షకుడా?" అంది. స్టేటస్ పెట్టాను. నూట పన్నెండు మంది చూశారు.

మరునాడు మధ్యాహ్నం పోశం బావ ఇంటికి పోయాను. అతను గడపలో కూర్చుని ఉన్నాడు. లోపల ఫ్యాన్ కింద కళావతి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"బావా, లే. నౌకరి తెచ్చిన," అన్నాను.

"తెచ్చినవా, అడుక్కొచ్చినవా?"

"అరవై ప్రశ్నలు. నేను సదువుత, నువ్వు చెప్పు, నేను నొక్కుత. గంతే."

మొదటి ప్రశ్నే తికమక. 'పార్టీలలో మీరు కొత్తవారితో సులభంగా కలిసిపోతారు.'

"ఏ పార్టీ?" అన్నాడు బావ.

"ఎలక్షన్ల పార్టీ కాదే. దావత్, దావత్."

"దావత్‌కు పిలిచి ఎన్ని దినాలాయె మనల్ని."

కళావతి లోపలి నుంచి అందుకుంది. "పిలిస్తె మాత్రం పోతడా అన్నా? మొన్న మా శ్రీధరన్న కొత్తింట్లకు పోతున్నమని పిలిస్తె ఏం జేసిండో తెల్సా? కోరుట్ల దాక పోయి, బస్టాండ్ల పొద్దుమూకేదాక కూసోని, గట్లనే వాపస్ అచ్చిండు. ఇంటికి పోనేలే."

"బస్టాండ్ల మంచిగుంటది," అన్నాడు బావ. "ఎవ్వలు ఎవ్వల్ని అడగరు."

మేమిద్దరం నవ్వాం. అట్లా నవ్వుకుంటూ ముప్పై మూడు ప్రశ్నలు దాటాం. ముప్పై నాలుగోది చదివాను. 'ఒక్కోసారి అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది.'

బావ వీధి వైపు చూస్తున్నాడు. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు.

"ఒక్కోసారి కాదు బావా," అన్నాడు. "రోజూ అనిపిస్తది."

నేను నవ్వాను. అది నాకు ఇప్పటికీ వినపడుతుంది, నా నవ్వు.

"గిట్ల చెప్తె నౌకరి ఇస్తరా? ఇడిసిపెట్టి పోతా అనేటోన్ని ఎవడు పెట్టుకుంటడు?"

"అడిగితివి. చెప్పిన."

"అడిగినయన్ని చెప్తరా బావా!"

'అస్సలు కాదు' అన్న సున్నా మీద నొక్కాను.

మా పని గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే మీకు నా మీద కోపం ఒక్కటే వస్తుంది. సాంచా మీద పోగు తెగితే ఆపి ముడి వేస్తాం. ముడి కనపడితే బట్ట చూసేవాడు ఆ ముక్కను డ్యామేజ్ అని పక్కన పడేస్తాడు. అందుకని ముడి మీద గోటితో రుద్ది, చుట్టుపక్కల పోగులు సర్ది, అక్కడ తెగిందన్న సంగతే తెలియకుండా చేస్తాం. ముప్పై ఏళ్లు నా వేళ్లు చేసిన పని అదే. అది మాలో తప్పు కాదు, పనితనం. ఆ రోజు నేను చేసింది నాకు అట్లాగే అనిపించింది. ఒక తెగిన పోగు దొరికింది, సర్దేశాను.

మిగిలిన ఇరవై ఆరు ప్రశ్నలు అతన్ని అడగలేదు. నేనే నొక్కుకుంటూ పోయాను. అడగకపోవడం అతనూ గమనించాడు.

'ఉత్సాహి' అని వచ్చింది. 'హుషారైన మనిషి. అందరితో ఇట్టే కలిసిపోతాడు, బాగా మాట్లాడతాడు. కొత్త చోట్లు, కొత్త మనుషులు ఇష్టం.' గట్టిగా చదివాను.

కళావతి పడి పడి నవ్వింది. "ఇరవై ఆరేండ్ల సంది వండి పెడుతున్న. గీ మనిషి ఏడ దాసుకున్నడు అన్నా?"

అంత నవ్వినా, సాయంత్రం ఆమే పోయి ముదస్సిర్ జిరాక్స్ షాపులో దాన్ని ప్రింట్ తీయించింది. ప్లాస్టిక్ అట్ట వేయించి, క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించింది. బావ దాని ముందు నిలబడి మొత్తం చదివాడు.

"మంచోడే ఉన్నడు గీ మనిషి," అన్నాడు.

నౌకరి అతనికి వచ్చింది. నాకు రాలేదు. ఆ కాగితంలో ఉన్నది చూసి కంపెనీవాళ్లు అతన్ని లైను మీద కాకుండా, కొత్తగా చేరిన ముప్పై మంది ఆడపిల్లలకు పని నేర్పే చోట పెట్టారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా నిలబడి మాట్లాడాలి. నీలం చొక్కా, మెళ్లో ఫోటో ఉన్న కార్డు. కళావతి ఆ చొక్కాను రోజూ ఉతికి ఇస్త్రీ చేసేది.

ఒక సాయంత్రం దారిలో కలిశాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"రోజంత మాట్లాడాలె బావా," అన్నాడు.

"మంచిదే గద. ఏసీ గూడ ఉన్నదట."

"ఉన్నది," అన్నాడు.

పంతొమ్మిదో రోజు పొద్దున డ్యూటీకని బయల్దేరాడు. కంపెనీకి చేరలేదు. మధ్యాహ్నానికి అతని బండి సిరిసిల్ల బస్టాండ్ స్టాండులో దొరికింది. ఫోను, మెళ్లో వేసుకునే కార్డు, రెండూ ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, సరిగ్గా సర్ది.

రెండో రోజు ఠాణాకు పోయాం. మనిషి ఎట్లా ఉంటాడో చెప్పమన్నారు. కళావతి సంచిలోంచి ఆ ప్లాస్టిక్ అట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఆమె దృష్టిలో అది మొగుడి గురించి ఉన్న పెద్ద కాగితం, కంపెనీవాళ్లు ఒప్పుకున్న కాగితం. జమేదారు మంచివాడే, ఓపికగా చదివాడు.

"హుషారు మనిషే ఉన్నడు గదనమ్మా. కొత్త జాగలంటె ఇష్టమట. భివండి దిక్కు, సూరత్ దిక్కు మీ సాంచాలోళ్లు మస్తుమంది ఉంటరు గద. గటు పోయిండేమో. ఫోన్లు జేసి అడుగున్రి, మేం గూడ అడుగుతం." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు దోస్తువట గద. పోయేముందు ఏమన్న అన్నడా? రంది పడ్డట్టు, దిగులున్నట్టు గిట్ల?"

కళావతి నా వైపు చూడలేదు. బల్ల మీద అట్టనే చూస్తోంది.

"ఏమనలే సార్," అన్నాను.

అతను అదే రాసుకున్నాడు.

ఇంటికి వచ్చి చేతనైంది చేశాను. నాకు చేతనైంది ఫోను. ఒక పెళ్లిలో తీసిన ఫోటో దొరికింది. మీసానికి రంగేసుకుని, పళ్లన్నీ కనపడేటట్టు నవ్వుతున్న పోశం బావ. దాని కింద రాశాను. 'కనబడుటలేదు. పేరు పోశం, వయసు 52. హుషారైన మనిషి. అందరితో ఇట్టే కలిసిపోతాడు, బాగా మాట్లాడతాడు. కనిపించినవారు ఈ నంబరుకు ఫోన్ చేయగలరు.' మాటలు వెతుక్కోలేదు, ఆ అట్ట మీదివే ఎక్కించాను. నాలుగు గ్రూపుల్లో పెట్టాను. అక్కడి నుంచి వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, ఎక్కడెక్కడికో పోయింది. భివండి నుంచి ఎవరో ఇట్లాంటి మనిషినే చూశామని ఫోన్ చేశారు. కోరుట్లలో ఉండే కళావతి అన్న శ్రీధర్ రైలెక్కి అటు పోయాడు.

ఆ రోజుల్లో నాకు ఒక రోగం పట్టుకుంది. మాధవి "అన్నం పెట్టాల్నా?" అని అడిగితే జవాబు నోటికి వచ్చేది కాదు. ఎవరు ఏది అడిగినా దాని వెనకాల ఐదు సున్నాలు కనపడేవి. మా కార్ఖానా ముందు నుంచి పోతే, తాళం వేసిన తలుపు అవతల పక్కపక్కన ఆగి ఉన్న నా సాంచా, అతని సాంచా గుర్తొచ్చేవి. ఆ చప్పుడులో ఇరవై రెండేళ్లు అతని పెదాలు చూసి మాట అర్థం చేసుకున్నాను. ఒక్క చప్పుడు లేని మధ్యాహ్నం, మూరెడు దూరంలో కూర్చుని, చెవిన పడ్డ మాటను పక్కన పడేశాను. ఒకసారి ఊరికే ఆ పరీక్ష మళ్లీ తెరిచాను. ముప్పై నాలుగో ప్రశ్న దగ్గర వేలు కదల్లేదు. ఫోను దానంతట అదే ఆరిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను.

బావ కనపడకుండా పోయిన ఎనిమిదో రోజు మా బిడ్డ పూజ వచ్చింది. జగిత్యాల హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. నా ఫోన్లో ఏదో చూస్తూ, నేను తీసి ఉంచిన మా ఇద్దరి జవాబుల ఫోటోలు చూసింది.

"బాపూ, నీది, పోశం మామది రెండు ఒక్కతీరు ఉన్నయేంది? ఆఖరి ఇరవై ఆరు ప్రశ్నలు సూడు. ఒక్కటి గూడ తేడా లేదు."

ఫోను ఇమ్మని చెయ్యి చాపాను.

"మామవి నువ్వే నొక్కినవా?"

ఆమెకు మొత్తం చెప్పాను. ముప్పై నాలుగోది కూడా. వింటూ వింటూ ఆమె మంచం మీంచి లేచి నిలబడింది.

"గిది పోలీసులకు చెప్పినవా?"

"లే."

"అత్తమ్మకు?"

"లే బిడ్డా."

"మరి వాళ్లు ఎవర్ని దేవులాడుతున్నరు బాపూ? నిన్నా?"

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. కళావతి బీడీలు చుట్టడం లేదు. చాట గోడకు ఆనించి ఉంది. నేను గడపలోనే నిలబడి, అతను చెప్పింది చెప్పాను, నేను నొక్కింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

"నేను గప్పుడే ఇన్న అన్నా," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆయన గా మాట అన్నప్పుడు గీడనే ఉంటి గద. నువ్వు నవ్వితివి. నేను చాటలకెల్లి తలకాయ ఎత్తలే. నౌకరి రావాలె, ముందుగాల నౌకరి రావాలె అనుకున్న. ఠాణల గూడ నువ్వు చెప్తవేమో అని సూసిన. నువ్వు చెప్పకపోతివి. నాకు నోరు రాలే."

ఆమె తలెత్తింది. పనికి పోయేటప్పుడు ఎట్లా కొంగు దోపుకుంటుందో అట్లా దోపుకుంది.

"భివండికి పోలే ఆయన. గంత దూరం పోయే పానం గాదు. కోరుట్ల బస్టాండ్ల సూద్దాం నడు."

పూజను కూడా తీసుకుని, దొరికిన మొదటి బస్సెక్కాం. కిటికీలోంచి వచ్చే గాలికి చెంపలు కాలుతున్నాయి. కళావతి నాకు దూరంగా, పూజ పక్కన కూర్చుంది.

కోరుట్ల బస్టాండ్లో చాయ్ అమ్మే ముసలామెను అడిగాం. పేరు మల్లక్క. ఫోను చూపిస్తే ఆమె నవ్వింది.

"గీ ఫోటో నా ఫోన్లకు గూడ అచ్చింది బిడ్డా. మా మనుమడు సూపెట్టిండు. గిట్ల నవ్వుకుంట, మాట్లాడుకుంట తిరిగేటాయన గీడికైతే రాలే."

కళావతి నా చేతిలోంచి ఫోను తీసి బోర్లా పెట్టింది.

"నవ్వడక్కా. మాట్లాడడు. గడ్డం పెరిగి ఉంటది. నీలమంగి ఉంటది. ఎవ్వలన్న ఏమన్న అడిగితె కింది దిక్కు సూస్తడు."

మల్లక్క చేతిలో గంటె ఆగిపోయింది.

"గాయననా?" అంది. "గా మూలకు కూసుంటుండె. ఆరు దినాలు గీడనే ఉన్నడు గదనే తల్లీ! చాయ్ ఇస్తె పట్టుకునేది, తాగకపోయేది. ఏ ఊరు అంటె చెప్పకపాయె. మొన్న పగటీలి ఎండకు కండ్లు తిరిగి పడ్డడు. 108 బండ్ల జగిత్యాల తీస్కపోయిన్రు." ఆమె మళ్లీ నా ఫోను వైపు చూసింది. "మా పోరడు గీ ఫోటో సూపెట్టిననాడు గూడ గాయనకు చాయ్ పోసిన. ఎదురుంగనే ఉండె. నాకు జర గూడ తట్టలే."

నేను లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. ఆరు రోజులు. ఠాణాలో ఆ మాట చెప్పి ఉంటే, కనీసం ఆ పోస్టులో 'బాగా మాట్లాడతాడు' అని రాయకపోయి ఉంటే, శ్రీధర్ భివండి రైలెక్కేవాడు కాదు. అతని ఇంటికి ఆ బస్టాండ్ పావుగంట నడక.

జగిత్యాల దవాఖానలో చాలాసేపు తిప్పలేదు. నీలం చొక్కా అనగానే ఒక నర్సమ్మ మమ్మల్ని పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టింది. కూర్చోబెట్టారంటేనే నాకు తెలిసిపోయింది.

"నిన్న పొద్దుగాల పోయిండమ్మా. వడదెబ్బ. శాన చేసి సూసిన్రు. మస్తుసార్లు అడిగినం, పేరు చెప్పు, నీ వాళ్ల నంబర్ చెప్పు అని. చెప్పలే."

"ఏం గూడ మాట్లాడలేదా?" అని అడిగింది కళావతి.

నర్సమ్మ గుర్తు తెచ్చుకుంది. "ఒక్కసారి నీళ్లు తాగి, సల్లగున్నయ్ అన్నడు."

కళావతి ఆ మాటను రెండుసార్లు తనలో తాను అనుకుంది. పూజ ఆమెను పట్టుకుంది. నేను పట్టుకోబోతే నా చెయ్యి తీసేసింది. విసురుగా కాదు, మెల్లగా.

కాగితాల పని దగ్గర అక్కడి పోలీసాయన కూడా అదే అడిగాడు, పోయేముందు ఏమన్నా అన్నాడా అని. ఈసారి చెప్పాను. గడప, ముప్పై నాలుగో ప్రశ్న, అతని మాట, నా నవ్వు, ఠాణాలో నా అబద్ధం. అతను పెన్ను పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"గవన్ని దీంట్ల రాసేటియి కావు పెద్దమనిషీ. వడదెబ్బకు పోయిండు. గంతే గద." అంతే రాసి నా ముందుకు జరిపాడు. సంతకం పెట్టాను. అందులో ఎక్కడా ముడి కనపడలేదు.

వానలు పడ్డాక గ్రూపులన్నిట్లోంచి బయటికి వచ్చేశాను. ఫారాలు నింపడం మానేశాను. వచ్చినవాళ్లను ముదస్సిర్ దగ్గరికి పొమ్మంటున్నాను. ఒక మధ్యాహ్నం మాత్రం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ పరీక్ష రాశాను. ఈసారి ఒక్కటీ దాచలేదు. కష్టమైన మాట వింటే నవ్వి తప్పించుకుంటారా? పూర్తిగా నిజం. ఎదుటివారికి బాధ కలగకూడదని నిజం దాస్తారా? పూర్తిగా నిజం. అరవైకి అరవై గుండె మీద చెయ్యేసుకుని నొక్కాను. నేను ఏ రకమో ఇప్పుడైనా బయటపడుతుంది, ఏ చెడ్డ పేరో వస్తుంది, చూసుకుందామనుకున్నాను.

మళ్లీ 'రక్షకుడు' అనే వచ్చింది. అవే మాటలు కింద. తనవారి మంచి కోరతాడు.

పూజకు పంపించి, ఇదేంటని అడిగాను. చాలాసేపటికి జవాబు పెట్టింది. "తప్పేం రాలే బాపూ. నువ్వు గంతే." అది తిట్టో కాదో నేను అడగలేదు.

మొన్న మధ్యాహ్నం మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాను. కళావతి వస్తోంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. పైదాని మీద బావ ఫోటో జిరాక్సు, కార్డు మీదిది. వితంతు పింఛను ఫారం అయి ఉంటుంది. మా ఇంటి ముందు నుంచి కాకుండా ముదస్సిర్ షాపుకు ఇంకో దారి లేదు. నేను లేవబోయాను. ఆమె ఆగలేదు కానీ నడక కాస్త తగ్గించింది.

"తిన్నవా అన్నా?" అంది, ఎప్పటిలాగే.

"తిన్న చెల్లె," అన్నాను.

ఆమె తలూపి, కవరు కొంగు కింద పెట్టుకుని వీధి మూల తిరిగింది.

నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.